ఇంటి వెలుతురులో ఇల్లాలి వంతు

మా అత్తగారు గోదావరి తీరమున నొక పల్లెలో, మండువా లోగిలియందు, 52 సంవత్సరములు కాపురము చేసిరి. ఆ యింట గోడగడియారము లేకపోలేదు. కాని ఆమె దానివంక చూచుట నేనెన్నడును ఎరుగను. మండువాలోనికి దిగు ఎండయే ఆమెకు గడియారము. ఉదయమున ఎండ పడమటి పంచ స్తంభముల తలలను తాకినప్పుడు పాలు కాచుట, అది స్తంభముల మొదలికి దిగినప్పుడు మజ్జిగ చిలుకుట, మండువా నడుమకు వచ్చినప్పుడు విస్తళ్లు వేయుట, తూర్పు పంచ అరుగెక్కినప్పుడు వడియములను లోపలికి తీయుట - ఇట్లు ఆమె దినచర్య యంతయు ఆ ఎండతోడనే నడచెడిది. సెలవులకు పోయినప్పుడు మా పిల్లలు "నాయనమ్మా, టైమెంత?" అని అడిగినచో, ఒక్కసారి మండువావంక చూచి, పది నిమిషములు అటునిటు కాకుండ చెప్పెడివారు.

మామగారు గతించిన పిమ్మట, 2019లో, ఆ యిల్లు అమ్మివేసి ఆమెను హైదరాబాదునకు మా యొద్దకు తీసికొని వచ్చితిమి. మాది అయిదంతస్తుల మేడలో రెండవ అంతస్తు. ఆమెకు మంచి గదియే యిచ్చితిమని మా నమ్మకము. ఏ.సీ. యున్నది, స్నానపుగది జతగా నున్నది, వీధిరొద వినబడదు. కిటికీ ఒక్కటే. అది మేడ నడుమ నీటిగొట్టములు దిగు ఇరుకు సందులోనికి తెరచుకొనును. మిట్టమధ్యాహ్నమందైనను దీపము వేయనిదే ఆ గదిలో సూదికి దారమెక్కింప శక్యము కాదు. ఇది లోపమని మాకెవ్వరికిని తోచలేదు. మీటనొక్కిన దీపము వెలుగును గదా!

ఆరు నెలలు నిండకమునుపే ఆమె మాటలు తగ్గినవి. పగలెల్ల కునుకుపాట్లు, రాత్రులెల్ల మెలకువ. మూడింటికి లేచి పాలగిన్నె పొయ్యిమీద పెట్టెడివారు. భోజనమునకు పిలిచినచో "ఇప్పుడే తిన్నాను కదా" అనెడివారు. ఒకనాడు ఉదయము పదునొకండు గంటలకు నేను ఆమె గదిలోనికి పోగా, మంచముమీద కూర్చుండి, "తెల్లవారిందా, అమ్మాయీ?" అని నన్నడిగిరి. ఎండనుజూచి వేళ చెప్పు మనిషి అట్లడుగుట విని నాకు కాళ్లు చల్లబడినవి.

ఇది భర్తృవియోగదుఃఖమనియు, వార్ధక్యమనియు మేమనుకొంటిమి. రెండును నిజమే. వైద్యునకు చూపితిమి. ఆయన థైరాయిడు, బి12 పరీక్షలు చేయించి, ఒక చిన్న మాత్ర వ్రాసి, చీటీ నా చేతికిచ్చుచు, "ఈమె పగలు ఎక్కడ కూర్చుంటారు? అక్కడ వెలుతురు ఎట్లా ఉంటుంది?" అని అడిగిరి. రోగిని గూర్చి అడుగక గదిని గూర్చి అడుగుచున్నారేమి యని నేను లోలోపల నవ్వుకొంటిని. ఇంటికి వచ్చి చదువ మొదలిడిన పిమ్మట ఆ నవ్వు నిలువలేదు. నేను చదివినదియు, మా యింట చూచినదియు నా తోడి గృహిణులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము.

కన్ను చూచుటకే యున్నదని మనము బడిలో చదువుకొంటిమి. అది సగము మాత్రమే. కంటి వెనుకతెరయందు చూపునకు తోడ్పడు కణములు గాక, వెలుతురు ఎంత యున్నదో కొలిచి మెదడునకు తెలుపుటయే ముఖ్యవృత్తిగాగల కణములు కొన్ని యున్నవి. అవి తమంతట తామే వెలుతురును గ్రహింపగలవని 2002లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రూపమును చూచుట వాని ముఖ్యమైన పని కాదు. "పగలైనది", "ప్రొద్దుగ్రుంకినది" అని వర్తమానము పంపుటయే వాని కొలువు. ఆ వర్తమానము చేరునది మెదడు అడుగుభాగమునందలి ఆవగింజంత కణసముదాయమునకు. మన నిద్రయు, మెలకువయు, ఆకలియు, దేహపు వేడిమియు, మనస్సునందలి ఉత్సాహమును ఏ వేళకు హెచ్చవలెనో ఏ వేళకు తగ్గవలెనో దిద్దు గడియారమది. ఇట్టి గడియారము జీవకణములలో నెట్లు నడచునో చిన్న పండ్లయీగలయందు పరిశోధించి తెలిపిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా పండితులకు 2017లో నోబెలు బహుమానము లభించినది.

ఈ గడియారమునకొక లోపము కలదు. దానిని దాని మానమున విడిచినచో, మనుష్యులలో చాలమందికి అది దినమునకు సుమారు పది నిమిషములు వెనుకబడును. మన యిండ్లలోని పాత గోడగడియారమువలె దానిని ప్రతిదినమును సరిదిద్దవలెను. సరిదిద్దునది ఉదయపు వెలుతురు. ఉదయమున వెలుతురు కంటబడనిచో అది దినదినమును కొంచెముగా జరుగుచు, తుదకు పగలేదో రాత్రియేదో తెలియని స్థితికి తెచ్చును. నిద్ర చెడును, నిద్రతోపాటు మనస్సు చెడును. ముసలివారి కంటిపాప చిన్నదగును, కంటిలోని కటకము పచ్చబడును. అందుచే వారికి చేరు వెలుతురు మనకు చేరుదానికంటె చాల తక్కువ. మా అత్తగారిని మేము పెట్టిన గది యెట్టిదో తలచుకొనగా, వయస్సుచే సగము మూసికొన్న తలుపును మేము పూర్తిగా మూసివేసితిమని నాకు తెలిసినది.

గదిలో దీపమున్నది గదా యని మీరడుగవచ్చును. నేనును అదియే యడిగితిని. ఇచ్చట కొంచెము లెక్క చెప్పక తప్పదు. వెలుతురునకు లక్సు అను కొలత యొకటి కలదు. ఎండవేళ ఆరుబయట సుమారు 1,00,000 లక్సుల వెలుతురుండును. మబ్బుపట్టిన దినమునను, చెట్టునీడనైనను అనేకవేల లక్సులుండును. మంచి కిటికీప్రక్క కూర్చున్నచో వేయి, రెండువేలు. అదే గదిలో నాలుగడుగులు లోపలికి జరిగినచో మూడునాలుగువందలు. ట్యూబులైటు క్రింద మనకు చేరునది సాధారణముగా నూరు మొదలు మూడువందలు. కన్ను వెలుతురునుబట్టి తన్ను తాను సర్దుకొనును గనుక ఈ భేదము మనకు తెలియదు. చీకటిగదిలో కూర్చున్నవారికి "నాకు బాగానే కనబడుచున్నది" యనియే తోచును. చూపునకు చాలును, గడియారమునకు చాలదు. 2022లో ఈ విషయమున ఆరితేరిన శాస్త్రజ్ఞులు కొందరు కూడి, పగటివేళ కంటికడ చేరు వెలుతురు, ఆ కణములకు తగినట్లు లెక్కించిన ప్రత్యేకపు కొలతతో, 250కి తగ్గరాదనియు, నిద్రకు మూడుగంటలముందునుండి 10కి మించరాదనియు, నిద్రించు గదిలో 1కి మించరాదనియు సూచించిరి. మన యిండ్లలో జరుగునది దీనికి సరిగా తలక్రిందులు. పగలు గుహ, రాత్రి పెండ్లిపందిరి.

వెలుతురునకును మనస్సునకును గల సంబంధము క్రొత్తగా కనిపెట్టినది కాదు. రోగులకు గాలి తరువాత కావలసినది వెలుతురే యనియు, మంచముమీదనుండి కిటికీలోనికి చూపు పారునట్లు పరుండబెట్టవలెననియు ఫ్లారెన్సు నైటింగేలు 1859లోనే రోగిపరిచర్యను గూర్చి వ్రాసిన గ్రంథమున చెప్పినది. అది ఆమె చూచి చెప్పిన మాట. కొలిచి చూచినవారు పిమ్మట వచ్చిరి. కెనడా దేశమున ఎడ్మంటను నగరపు వైద్యశాలలో, తీవ్రమైన మనఃక్రుంగుబాటుతో చేరిన రోగులను గూర్చిన లెక్కలు 1996లో ప్రకటింపబడినవి. ఎండవచ్చు గదులలోనివారు సగటున 16.9 దినములకును, మసకగదులలోనివారు 19.5 దినములకును ఇండ్లకు పోయిరట. ఇటలీలో మిలాను నగరపు వైద్యశాలలో 2001లో ఇట్టిదే మరియొక విషయము తెలిసినది. ఉత్సాహోన్మాదము, క్రుంగుబాటు మారిమారి వచ్చు వ్యాధికలవారు క్రుంగిన దశలో చేరినప్పుడు, తూర్పుగదులలో నున్నవారు పడమటిగదులలో నున్నవారికంటె మూడున్నర దినములకు పైగా ముందు కోలుకొనిరి. వారు గదులను కోరి తీసికొన్నవారు కారు. ఏది ఖాళీయో అది దొరకినది. ఐనను ఒకమాట దాచరాదు. ఆ మిలాను వైద్యశాలయందే, కేవలము క్రుంగుబాటుమాత్రమే గలవారికి తూర్పుగదివలన అట్టి మేలు కానరాలేదు. వెలుతురు అందరికిని ఒకే తీరున పనిచేయు సంజీవని కాదు.

వృద్ధుల విషయమున నన్ను ఆకర్షించినది హాలండు దేశపు ప్రయత్నము. 12 వృద్ధశరణాలయములలో కొన్నిటియందు నడిమి గదిలో పగలెల్ల సుమారు 1000 లక్సుల వెలుతురుండునట్లు దీపములేర్పరచిరి. 189 మందిని గమనించి 2008లో ఫలితములు ప్రకటించిరి. వెలుతురుగల యిండ్లలో వృద్ధుల జ్ఞాపకశక్తి క్షీణించుట కొంచెము మందగించినది. విచారలక్షణములు నూటికి 19 వంతులు తగ్గినవి. అంత వెలుతురు కొరకు వారు పైకప్పునిండ దీపములు బిగింపవలసివచ్చినది. మనకది బాల్కనీప్రక్కనే దొరకును.

ఉత్తరదేశములలో శీతకాలమున పగలు ఏడెనిమిది గంటలే యుండును. ఆ ఋతువున మాత్రమే మనస్సు క్రుంగు వ్యాధిని అమెరికా వైద్యుడు నార్మన్ రోజెంతాల్, ఆయన తోటివారు 1984లో వర్ణించిరి. అచ్చటివారు దానికై 10,000 లక్సుల దీపపుపెట్టెయెదుట ఉదయము అరగంట కూర్చుందురు. మన హైదరాబాదున ఏడాదిలోని అతిచిన్న పగటికిని పదునొకండు గంటలు నిండును. ఆకాశము మనకు తక్కువచేసినది లేదు. మన యిండ్లలోని చీకటి మనము కట్టుకొన్న గోడలది, మనము దించుకొన్న తెరలది. ఇంగ్లండులో 1696 మొదలు 1851 వరకు కిటికీలపై పన్నుండెను. పన్ను తప్పించుకొనుటకై జనులు కిటికీలను ఇటుకలతో పూడ్చివేసిరి. మనము ఏ పన్నును లేకయే ఆ పని చేయుచున్నాము.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. ఇంటిలోనికి వచ్చు వెలుతురును ఎవరెవరు ఎంతెంత పంచుకొనుచున్నారో ఒక్క దినము కాగితముమీద వ్రాసి చూడుడు. నేను వ్రాసి చూచితిని. మా యింట తూర్పుదిక్కున పెద్ద బాల్కనీయు, దానివెనుక హాలును కలవు. ఉదయము మూడుగంటలు అచ్చట ఎండ వెల్లువగా వచ్చును. ఆ యెండ యెవరికి? రెండు సోఫాలకు, ఒక గాజుబల్లకు, కాగితపుపూల గుత్తికి. అదియు పూర్తిగా కాదు. టీవీ అద్దముమీద మెరయుచున్నదని మావారు దట్టమైన కర్టెను వేయించిరి. నెలకు రెండుసార్లు వచ్చు చుట్టములకొరకు ఆ గది. వంటిల్లు ఆగ్నేయమూలనే యున్నది. వాస్తు తప్పలేదు. ఆగ్నేయమున వంటిల్లు పెట్టుటలో ఉదయపు ఎండ ఇల్లాలికి చేరుట యను మేలొకటి పెద్దలకు దొరకియుండవచ్చునని నాకు తోచును. కాని మా వంటింటి కిటికీకి ఆవల ఇనుపచువ్వల వసారా, అందులో బట్టలుతుకు యంత్రము, దానిమీద పాత డబ్బాలు, వానిమీద ఉల్లిపాయల బుట్ట. మూల మిగిలినది, ఎండ మిగులలేదు. ఉదయము ఆరింటినుండి పదింటివరకు నేను నిలుచునది అచ్చటనే, ట్యూబులైటు క్రింద. గడియారమును దిద్దు వేళలు సరిగా అవియే! మావారును పిల్లలును ఎనిమిదింటికి వీధిలోనికి పోవుదురు. వారి కండ్లకు వెలుతురు తానే దొరకును. పదింటికి నేను వంటయింటినుండి బయటికి వచ్చుసరికి ఆ వెలుతురు పోయి వేడిమి మిగులును. అప్పుడు కిటికీలు నేనే మూయుదును.

ఇట్లు ఇంట ఎక్కువ గంటలుండువారే తక్కువ వెలుతురునందుచున్నారు. మధ్యాహ్నము మూడింటికి కారణములేని నిస్త్రాణయు, చిరాకును, ఏ పనియందును మనస్సు నిలువకపోవుటయు నా లోపమని చాలకాలము నన్ను నేను నిందించుకొంటిని. అంతయు వెలుతురు లేమివలననే యని యిప్పుడును అనను. కాని నిందించుకొనుటకు ముందు కిటికీని చూడవలసినది.

పాతయిండ్లన్నియు వెలుగుమయములని నేను చెప్పను. మండువా లోగిళ్లు కలవారివి. తెలంగాణమున భవంతి యిండ్లును అట్టివే. ఆ లోగిళ్లలోనైనను వంటిల్లు తరచుగా వెనుకమూలను, పొగచూరి, మసిబారి యుండెడిది. పెంకులనడుమ ఒక గాజుపెంకు అమర్చినచో అదియే భాగ్యము. పురిటిగదికి కిటికీ యుండుటే అరుదు. ఉన్నను గాలి సోకునని గుడ్డలు కుక్కెడివారు. ఐతే ఆ కాలపు స్త్రీకి ఒక మేలు అయాచితముగా దొరకెడిది. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయుట, పెరటిలో తులసికోటకు నీరు పోయుట, నూతికడకు పోవుట. ఉదయపు వెలుతురు కంటబడకుండ ఆమె దినము మొదలయ్యెడిదే కాదు. రథసప్తమినాడు తులసికోటకడ ఎండలో పిడకలపై పరమాన్నము వండు ఆచారము మనకందరకు తెలిసినదే. నూతికడ చాకిరి మరల రావలెనని ఏ స్త్రీయు కోరదు. కాని ఆ చాకిరితోపాటు ఉదయపు వెలుతురును గూడ మనము జారవిడిచితిమి. మా మేడలో గడపలముందు అతికించు ముగ్గులు వచ్చినవి. నడవలో పగలును దీపమే. ముగ్గు సంవత్సరమంతయు చెరగదు. దాని వేసినవారు ఎండ చూడనవసరము లేదు.

పురిటిగది మాట వచ్చినది గనుక, దానిని విడువలేను. మా పినతల్లి కుమార్తెకు రెండేండ్లక్రిందట బిడ్డ పుట్టినది. పగలు తెరలు, రాత్రి దీపములు. బిడ్డ యెప్పుడేడ్చిన అప్పుడే గదియంత వెలుగు. పసిబిడ్డలకు పుట్టుకతో పగలురాత్రుల తేడా యుండదు. రెండుమూడు నెలలకు గాని ఆ గడియారము కుదురుకొనదు. అది కుదురుకొనుటకును వెలుగుచీకట్లే ఆనవాలు. ఆ పిల్ల ఊరక ఏడ్చెడిది. కాన్పైన మొదటి దినములలో కంట నీరు తిరుగుట చాలమందికి కలుగును, రెండువారములలో తగ్గును. ఆమెకు తగ్గలేదు. "పుట్టింటివారి గారాబము" అని ఒకరు, "దిష్టి" అని ఒకరు అనిరి. నెలగడిచిన పిమ్మట వైద్యురాలికి చూపగా అది ప్రసవానంతరమున కలుగు మనోవ్యాధియని తెలిసినది, చికిత్సతో కోలుకొన్నది. పగలు తెరలు తీయుట, రాత్రి చిన్నదీపముతోనే పాలిచ్చుట వైద్యురాలు చెప్పినవానిలో ఒకటి మాత్రమే. కిటికీ తెరచినంతమాత్రమున ఇట్టి వ్యాధి తీరునని ఎవరైన అనినచో నమ్మవలదు. రెండువారములు దాటినను మనస్సు తేరుకొననిచో, బ్రదుకుమీద విరక్తి మాటలు వచ్చినచో వెంటనే వైద్యసహాయము పొందవలెను. 2022లో భారతప్రభుత్వము ఏర్పరచిన టెలి మానస్ అను ఉచిత ఫోనుసహాయము 14416 అను సంఖ్యకు తెలుగులోనే దొరకును.

ఎండ యనగానే మన తెలుగునాట ఎవరికైన మొదట జ్ఞప్తికి వచ్చునది వైశాఖ జ్యేష్ఠముల వడగాడ్పు. "ఇంగ్లీషువారికి ఎండ మురిపెము, మనకది శిక్ష" యని మావారనిరి. ఆ మాట కొట్టివేయరానిది. కాని కావలసినది వెలుతురు, వేడిమి కాదు. ఆ రెంటిని విడదీయుట మన పూర్వులకు తెలియును. వెడల్పైన చూరు, వసారా, పందిరి, వట్టివేళ్ల తడికలు దానికొరకే. తూర్పు కిటికీలు సూర్యోదయము మొదలు తొమ్మిదివరకు తెరచి, వేసవిలో పిమ్మట మూయుడు. ఉత్తరపు కిటికీ పగలెల్ల తెరచియుంచవచ్చును. అచ్చటినుండి వచ్చునది ఆకాశపు చల్లనివెలుతురు. పడమటి కిటికీకి మధ్యాహ్నము తెర తప్పదు. గోడలకును పైకప్పునకును తెలుపు వేయించుడు. సున్నపు తెలుపు తనపై బడిన వెలుతురులో చాలభాగము తిరిగి గదిలోనికి విసరును, ముదురురంగులు మ్రింగివేయును. సంక్రాంతికి ముందు ఏటేట వెల్లవేయుట అలంకారము మాత్రమే కాదని నాకిప్పుడు తోచుచున్నది. మా హాలులో ఒక గోడకు ముదురుగోధుమరంగు వేయించినది నేనే. ఆ తెలివితక్కువకు ఇతరులను అనుటకు లేదు.

వేడికన్న బలమైన అడ్డు మరియొకటి కలదు: ఎదుటివారి చూపు. ఎదుటి మేడ మా కిటికీకి ఇరువదియడుగుల దూరమున నున్నది. ఇంటిలో తిరుగు ఆడుది పగలెల్ల ఎదుటివారి కండ్లయెదుట ఎట్లుండును? అందుచే తెర పూర్తిగా దించుదుము, వెలుతురు పూర్తిగా పోవును. దీనికి చిన్న ఉపాయము కలదు. తెరను కిటికీ క్రిందిసగమునకే కట్టుడు. మనిషి నిలువెత్తువరకు చాటు దొరకును. పైసగమునుండి ఆకాశము కనబడును. గది లోపలిమూలకు వెలుతురు చేరునది కిటికీ పైభాగమునుండియే. క్రిందిభాగమున పలుచని తెల్లగుడ్డ చాలును. దట్టమైనది రాత్రికి వేరుగా నుంచుకొనుడు. క్రొత్తగా ఇల్లు కొనువారు, అద్దెకు చూచువారు పగలు పదింటికి పోయి దీపములన్నియు ఆర్పించి చూడవలెను. వేడియు తేమయుగల ప్రాంతములందు గదినేల వైశాల్యములో ఆరవవంతు, వేడియు పొడియునైన చోట్ల పదవవంతు కిటికీలుండవలెనని భారత జాతీయ భవననిర్మాణ నియమావళి చెప్పుచున్నది. కాగితముమీద ఆ లెక్క సరిపోయినను, ఆ కిటికీ సందులోనికి తెరచుకొన్నచో ప్రయోజనము లేదు.

ఒక భ్రమకూడ తొలగించుకొనవలెను. అద్దములో నుండి వచ్చు వెలుతురు మనస్సునకు పనికివచ్చునుగాని ఎముకలకు పనికిరాదు. డి విటమిను పుట్టించు కిరణములను కిటికీ అద్దము ఆపివేయును. దానికి చర్మముపై నేరుగా ఎండ తగులవలసినదే. సూర్యునివంక కండ్లారా చూచుట మాత్రము ఎన్నటికిని కూడదు. వెలుతురుగల చోట కూర్చున్న చాలును.

మా యింట ఏమిచేసితిమో చెప్పుదును. అత్తగారి మంచమును హాలులో బాల్కనీప్రక్కకు తెచ్చితిమి. ఇది వ్రాయుటకు ఒక వాక్యము. చేయుటకు మూడువారములు పట్టినది. "హాలులో మంచమా? వచ్చినవాళ్లేమనుకుంటారు?" యని మావారు. "నాకోసం మీరు ఇబ్బంది పడవద్దు" అని అత్తగారు. సోఫా ఒకటి ఆ చీకటిగదిలోనికి పోయినది, టీవీ కూడ దానివెంట పోయినది. టీవీ చూచుటకు చీకటిగది బాగుండుననగా మావారు మెత్తబడిరి. వంటింటి కిటికీకడనుండి డబ్బాలు తీసివేసితిమి. బట్టల యంత్రము స్నానపుగదిలోనికి చేరినది. కూరలు తరుగుట, బియ్యమేరుట, చిక్కుడుకాయలీనెలు తీయుట హాలులో బాల్కనీకడ ఉదయమే చేసికొందుము, నేనును అత్తగారును కూర్చుండి. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట పెద్దదీపములు వేయము. పిల్లల ఫోనులమాట అడుగవలదు. ఆ యుద్ధము ఇంకను జరుగుచున్నది.

ఆమె నిద్ర కుదుటబడుటకు రెండునెలలు పట్టినది. మాత్రయు పనిచేసి యుండవచ్చును, నలుగురి నడుమ నుండుటయు పనిచేసి యుండవచ్చును. ఏది ఎంతయో విడదీసి చెప్పలేను. పోయిన జ్ఞాపకమంతయు తిరిగి రాలేదు. మామగారు లేరన్న మాట అప్పుడప్పుడు మరచి, ఆయనకు మజ్జిగ తీసియుంచుమందురు. కాని మూడింటికి లేచి పాలగిన్నె పెట్టుట మానినారు. తెల్లవారిందా యని అడుగుటలేదు. ఒకరిద్దరు చుట్టములు హాలులో మంచమేమని అడిగిరి; అత్తగారే, "ఎండ ఇక్కడికే వస్తుంది మరి" అని సమాధానము చెప్పిరి.

మా బాల్కనీ గచ్చు పలకలుగా నున్నది. ఎండ మూడవ పలకకు జరిగినప్పుడు, "అమ్మాయీ, ఎనిమిదయింది, కుక్కరు దించావా?" అని పిలుతురు. ఉత్తరాయణము వచ్చిన పిమ్మట ఎండ జరిగినదని, పిల్లవాని సుద్దముక్క అడిగి తీసికొని, పలకమీద క్రొత్త గీత గీసిరి. దానిని తుడువవలదని పనిమనిషితో చెప్పియున్నాను.